వంశం లేదన్నోళ్ళకు జవాబు – 6: గుంతకల్లు గేటు కాడ హంపన్న

కార్తీకమాసం వస్తే చాలు, మన అనంతపురం జిల్లాలో తోటలన్నీ కులాలవారీగా నిండిపోతాయి. వనభోజనాలు! ఒక్కో తోటలో ఒక్కో కులం. విస్తర్లు వేసేముందు ఒక పెద్దాయన మైకు పట్టుకుని వంశచరిత్ర అందుకుంటాడు. మేము ఫలానా రాయల సేనాపతుల బిడ్డలం, ఫలానా కాలంలో ఈ సీమకు వచ్చాం, ఫలానా చెరువు తవ్వించాం. తవ్వించారు, సరే. తవ్విందెవరు? ఆ మాట ఆ తోటలో ఎవరూ అడగరు. అడగాల్సినవాళ్ళకు ఆ తోటలోకి పిలుపే ఉండదు.

మిత్రులారా, ఈ వరుస మొదలుపెట్టినప్పటి నుంచి నాకు రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి పైనుంచి వచ్చే మాట: "మీవాళ్ళకు రాసిన చరిత్ర ఎక్కడుంది సార్? పాటలు, కథలు తప్ప?" రెండోది మన పిల్లల దగ్గర్నుంచి: "అన్నా, మనం కూడా ఒకప్పుడు రాజులమే అంట కదా, ఆ సంగతి రాయన్నా." మొదటిది అవమానం. రెండోది ఆ అవమానానికి పుట్టిన బిడ్డ. ఈ రెండింటికీ నా జవాబు ఒకటే. మన పూర్వీకుడు కూలి మనిషి. వెట్టివాడు, తలారి, నీరుగంటి, రాళ్ళు కొట్టినవాడు, రైలు కట్ట పోసినవాడు. ఆ మనిషి జీవితాన్ని వెతకొచ్చు. కాగితాలు ఉన్నాయి. కాకపోతే అవి మనం రాసుకున్నవి కావు, మన చేత పని చేయించుకున్నవాళ్ళు రాసుకున్న లెక్కలు. ఆ లెక్కల్లోంచి మన మనుషుల్ని బయటికి లాగాలి. ఎందుకు లాగాలో, దానివల్ల ఏం వస్తుందో ఈ భాగంలో చెప్తాను.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినవాణ్ణి. ప్రబంధాల అవతారికలు చదివీ చదివీ నా కళ్ళజోడు నంబరు పెరిగింది. ప్రతి అవతారికలో ఒక పద్ధతి ఉంటుంది. కవి తన వంశం చెప్పుకుంటాడు. తర్వాత కృతి పుచ్చుకున్న ప్రభువు వంశం మొదలవుతుంది. చంద్రుడి నుంచో సూర్యుడి నుంచో బయల్దేరి, తరం తరం దిగుకుంటూ, సింహాసనం మీద కూర్చున్న ఆ పెద్దమనిషి దాకా వస్తుంది. ఇన్ని వందల ఏళ్ళుగా ఆ పద్యాలను పాఠాలుగా చెప్తున్నాం కదా, చంద్రుడి దాకా పోయిన వంశవృక్షానికి ఆధారం చూపించమని ఎవరైనా అడిగారా? మన జేజినాయన వాళ్ళ నాయన పేరు చెప్తే మాత్రం వెంటనే అడుగుతారు: "రికార్డు ఉందా?"

పైగా మనకు వంశం చెప్పేవాళ్ళు లేరన్నది కూడా అబద్ధం. మాదిగలకు డక్కలివాళ్ళు ఉన్నారు. జాంబపురాణం చెప్పేది వాళ్ళే, గోత్రాలు అప్పజెప్పేది వాళ్ళే. పుస్తకం అవసరం లేకుండా నోటిమీద తరాలను మోసినవాళ్ళు. వాళ్ళను మన విశ్వవిద్యాలయాలు ఏ గదిలో కూర్చోబెట్టాయి? జానపదం అనే గదిలో. ఆస్థాన కవి చెప్తే వంశచరిత్ర, డక్కలాయన చెప్తే జానపద కళ. ఒకరిది చరిత్ర శాఖ, ఇంకొకరిది కల్చరల్ ప్రోగ్రాం.

సరే, రికార్డే కావాలంటున్నారు కదా. రికార్డు దగ్గరికే పోదాం. మన జిల్లాలోనే, రాయి మీద చెక్కిన రికార్డు.

1893 అక్టోబరు 4. గుంతకల్లు. రైల్వే గేటు కాపలాదారుగా ఉన్న మనిషి పేరు గులపాళ్యం హంపన్న. బ్రిటిష్ సైనికులు కొందరు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడ్డారు. హంపన్న అడ్డం నిలబడ్డాడు. ఒక సైనికుడు తుపాకీతో కాల్చాడు. మర్నాడు, అక్టోబరు 5న, హంపన్న ప్రాణం పోయింది. కాల్చినవాడి మీద కేసు నడిచింది, మద్రాసు హైకోర్టు దాకా పోయింది. అక్కడ వాడు నిర్దోషిగా బయటపడ్డాడు.

ఆ కాలపు న్యాయం ఎట్లా ఉండేదో ఒక్క ముక్కలో చెప్తాను. అంతకు పదేళ్ళ ముందు, 1883లో, ఇల్బర్టు బిల్లు వచ్చింది. జిల్లాల్లో పనిచేసే భారతీయ జడ్జీలు, మేజిస్ట్రేట్లు తెల్లవాళ్ళ మీద కేసులు కూడా విచారించొచ్చన్నది దాని సారాంశం. తెల్లవాళ్ళు దేశమంతా గగ్గోలు పెట్టారు. 1884లో చట్టం అయ్యేసరికి దానికి ఒక గొళ్ళెం పెట్టారు: తెల్లవాడు కోరుకుంటే, జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలి. తనవాళ్ళే తనకు తీర్పు చెప్పే హక్కన్నమాట. ఊరి రచ్చబండ మీద మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పేరు మాత్రమే వేరు.

హంపన్న సమాధి గుంతకల్లులో ఉంది. రాయి మీద ఆయన పేరుంది, చేసిన పని ఉంది, ఎట్లా చనిపోయాడో ఉంది, తేదీలున్నాయి. ఆయన్ను అభిమానించిన కొందరు యూరోపియన్లు, భారతీయులు కలిసి వేయించిన రాయి అది. ఈ కేసును బయటి ప్రపంచానికి తెలియజేసింది గుత్తి వకీలు పట్టు కేశవపిళ్ళై. 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెసు మహాసభకు ఈ సీమనుంచి పోయిన మనిషి. 'ది హిందూ' పత్రికకు రాసేవాడు. ఆయన పూనుకోకపోతే హంపన్న చావు గుంతకల్లు దాటి ఉండేది కాదు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే, ఇస్తున్నాను.

కానీ చరిత్ర పుస్తకంలో ఏం జరిగిందో గమనించండి. హంపన్న కథ కేశవపిళ్ళై జీవితచరిత్రలో ఒక పేరా అయిపోయింది. కేసు పెట్టించినాయన నాయకుడు, చచ్చినాయన ఉదాహరణ. ఇక ఆ ఇద్దరు ఆడవాళ్ళ సంగతి? రాయి మీద వాళ్ళు "ఇద్దరు హిందూ స్త్రీలు". అంతే. పేరు లేదు, ఊరు లేదు. సైనికుల నుంచి పరుగెత్తింది వాళ్ళు, ఆ రాత్రిని బతుకంతా మోసింది వాళ్ళు. రాయికి మాత్రం వాళ్ళు ఒక అంకె, ఒక మతం.

ఇదే సీమలో ఇంకో పేరు చూడండి. థామస్ మన్రో. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసినప్పుడు వచ్చిన ప్రధాన కలెక్టరు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన పేరు మీద సత్రాలు కట్టారు, ఆయన మంచితనం మీద కథలు అల్లుకున్నారు, మన పల్లెల్లో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. శిస్తు వసూలు చేసిన దొర పేరు ఉయ్యాల దాకా వచ్చింది. గేటు కాడ తుపాకీకి ఎదురు నిలిచిన కూలి మనిషి పేరు స్మశానంలో ఆగిపోయింది. దీన్ని నేను ప్రజల తప్పు అనను. కథలు చెప్పే కరణాలు, పంతుళ్ళు, పత్రికలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళ లెక్క ఇది.

ఇప్పుడు అసలు పని. రాయి మీద ఉన్న నాలుగు ముక్కల నుంచి హంపన్న జీవితాన్ని వెనక్కి నడిపించగలమా? నడిపించి చూపిస్తాను. మీ ఇంటి మనిషికి కూడా ఇదే దారి.

మొదటిది పేరు. హంపన్న. హంపి విరూపాక్షుడి మీద పెట్టుకునే పేరు. బళ్ళారి, గుంతకల్లు, ఉరవకొండ, రాయదుర్గం వైపు హంపన్నలు, హంపయ్యలు, హంపమ్మలు ఇప్పటికీ ఉన్నారు. కన్నడం, తెలుగు ఒకే అరుగు మీద కూర్చునే సీమ పేరు అది. రెండోది, పేరుకు ముందున్న మాట. అది ఊరు. గోత్రం కాదు, బిరుదు కాదు. గులపాళ్యం గుంతకల్లు పక్కనే ఉన్న పల్లె. మన ఇళ్ళలో ఇంటిపేర్లు చాలావరకు ఇట్లా ఊరినుంచో పనినుంచో వచ్చినవే. కాబట్టి ఇంటిపేరును తిరగేస్తే ఒక దారి దొరుకుతుంది. మూడోది జిల్లా. అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో. అంతకుముందు గుత్తి తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. అంటే 1882కు ముందు మనుషుల కోసం అనంతపురం పేరుతో ఎంత వెతికినా దొరకరు, బళ్ళారి పేరుతో వెతకాలి. ఎంతోమంది పిల్లలు ఇక్కడే ఆగిపోయి "రికార్డు లేదు" అనుకుంటారు.

నాలుగోది పని. గేటు కాపలా. మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం రాయచూరు కాడ బొంబాయి మార్గంతో కలిసింది 1871లో. గుంతకల్లు దాని మీద పుట్టిన జంక్షన్. అంతకుముందు ఈ సీమలో గేటు కాపలా అనే పనే లేదు. అంటే హంపన్న చేసింది తండ్రి నుంచి వచ్చిన కులవృత్తి కాదు. ఆయన తండ్రో తాతో ఊళ్ళో ఏదో పని చేశారు, ఆయన ఊరు దాటి రైలు కంపెనీ జీతంలోకి వచ్చాడు. ఎందుకు వచ్చాడు? దానికి అయిదో ముక్క, కాలం.

1893లో గేటు కాపలా కాసే మనిషి 1877లో పసివాడన్నా అయి ఉండాలి, పడుచువాడన్నా అయి ఉండాలి. 1877 అంటే ఈ సీమలో ఏమిటో తెలుసు కదా. ధాత కరువు.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, వానలు ఎగ్గొట్టాయి. మళ్ళీ ఏడూ అంతే. రైలు ఉంది, గింజలూ ఉన్నాయి, కొనడానికి కూలీ చేతిలో డబ్బు లేదు. రైలెక్కిన బస్తాలు ధర ఉన్నచోటికి పోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటే దర్బారు జరిగింది. అదే నెలలో ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరను ఈ వైపు పంపించారు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొంచెం చిల్లర చాలని ఆయన తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. జైల్లో కష్టం చేసే ఖైదీకి ఇంతకంటే ఎక్కువ పెడుతున్నామని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. కొన్ని నెలలకు ఆ కొలతను ప్రభుత్వమే పక్కన పెట్టాల్సి వచ్చింది. అప్పటికి పోవాల్సిన ప్రాణాలు పోయాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య బళ్ళారి జిల్లాలో దరిదాపు అయిదోవంతు జనం తగ్గిపోయారు. చచ్చినవాళ్ళలో ముందు వరుస ఎవరిదో చెప్పనక్కర్లేదు. సెంటు భూమి లేనివాళ్ళు, ఒకరి కళ్ళంలో గింజలు దొరికితే తప్ప పొయ్యి వెలగనివాళ్ళు.

హంపన్న ఆ కరువులోంచి బతికి బయటపడ్డ మనిషి. మీరూ నేనూ కూడా ఆ కరువులోంచి బతికి బయటపడ్డ ఎవరో ఒకరి సంతానమే. ఈ మాట మీద కాసేపు నిలబడండి. వనభోజనాల్లో యుద్ధాలు గెలిచిన తాతల కథలు చెప్తారు కదా, అరకిలోకు తక్కువ గింజలు తిని, రాళ్ళు కొట్టి, బిడ్డను బతికించుకున్న అవ్వ ఏ సేనాపతికి తీసిపోయింది?

ఆ కరువు ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఎముకలు తేలిన మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి తీసినవి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పంచుకుంటారు, కింద కన్నీళ్ళ బొమ్మలు పెడతారు. ఫొటో తీసిన సైనికాధికారి పేరు హూపర్ అని అందరికీ తెలుసు. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు? హూపర్ వాళ్ళను మనుషులుగా కాదు, గుంపుగా చూశాడు. మనం కూడా ఆ ఫొటోను అట్లాగే పంచుకుంటే హూపర్ పనినే పూర్తి చేస్తున్నట్టు.

ఒక్క విషయంలో మాత్రం మనవాళ్ళు రికార్డును నోట్లో దాచుకున్నారు. 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి మన జిల్లాకు వచ్చి, నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఢిల్లీ ఆ పథకానికి పొడుగాటి పేరు పెట్టింది. మన పల్లెలు ఏమని పిలిచాయి? "కరువు పని." మా అవ్వ వయసువాళ్ళు ఎవర్నడిగినా అదే మాట: "కరువు పనికి పోయినాం నాయనా." ఆ మాట 2006లో పుట్టింది కాదు. గంప, గడ్డపార, మస్టరు, కొలత, కొలతకు తగ్గితే కూలి కోత, ఇవన్నీ ఎరిగిన జనం దాచుకున్న మాట. ప్రభుత్వం పథకం అంది, జనం చరిత్ర చెప్పారు. పాటలు, కథలు తప్ప మీకేముంది అన్నవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు.

ఇప్పుడు సముద్రం దాటిపోయినవాళ్ళ సంగతి. దీనికి కూడా గుత్తి కేశవపిళ్ళై గారి దారిలోనే పోదాం. హంపన్న కేసు నడిపిన ఆయనే, ముసలితనంలో, 1922లో, మన కూలీల బాగోగులు చూడడానికి బ్రిటిష్ గయానాకు పోయిన బృందంలో ఉన్నాడు. గేటు కూలీ నుంచి చెరకు తోట కూలీ దాకా ఒకే గొలుసు అని ఆ ప్రయాణమే చెప్తుంది.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. తమిళులు, తెలుగువాళ్ళు. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు లక్షా యాభై వేల పైచిలుకు మంది ఇట్లా పోయారు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఓడ జాబితాలో ఒక వరుస ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చలు. కులం గడిలో పరయా అని, మాల అని కూడా రాసి ఉంది. మారిషస్‌కు పోయినవాళ్ళ కాగితాలు అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాళ్ళ మునిమనవళ్ళు ఇవాళ ఆ వరుస పట్టుకుని వచ్చి ఇక్కడి ఊళ్ళలో తాత ఇల్లు ఎక్కడని అడుగుతున్నారు.

దీన్ని చూసి మురిసిపోకండి. తెల్లదొర మనల్ని గౌరవించి రాయలేదు. పారిపోతే పట్టుకోవడానికి రాశాడు. ఎత్తు, మచ్చ అడిగింది అందుకే. కానీ ఫలితం చూడండి. అమ్ముడుపోయినట్టు ఓడెక్కిన మాలాయన తండ్రి పేరు నూటయాభై ఏళ్ళు నిలిచింది. సొంత ఊళ్ళో ఉండిపోయిన ఆయన తమ్ముడి పేరు కరణం దప్తరంలో కట్టుతాడు కింద మగ్గిపోయింది. పరాయి దేశపు తోట యజమాని కంటే మన ఊరి పెద్దలు మన పేర్లను ఎక్కువ భద్రంగా దాచారు. బయటికి రాకుండా దాచారు.

అయితే ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ జాబితా లేదా? ఉంది. ఈ భాగంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఎవరెవరు మాన్యాలు అనుభవిస్తున్నారు, ఏ హక్కుతో అనుభవిస్తున్నారు అని ఊరూరా విచారించి రిజిస్టర్లు రాయించింది. ఇనాం ఫెయిర్ రిజిస్టరు అంటారు. దాంట్లో గుడి పూజారి మాన్యం ఉంది, అగ్రహారం ఉంది. వాటి పక్కనే తలారి, వెట్టి, నీరుగంటి మాన్యాలూ ఉన్నాయి. ఆ గడులు చూడండి: మొదట ఎవరికి ఇచ్చారు, పాత లెక్కల్లో ఎవరి పేరుంది, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఆయన వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు, వారసులెవరు. ఇది వంశవృక్షం కాక మరేమిటి? సూర్యుడి దాకా పోదు, నిజమే. కానీ ప్రభుత్వ ముద్రతో మన వెట్టాయన రెండు మూడు తరాలు చెప్తుంది.

మా ఇంటి మనిషి కూడా అట్లాంటి ఒక వరుసలో నాకు దొరికాడు. నీరుగంటి. చెరువు తూము కాడ మడవలు తిప్పిన మనిషి. పేరు, వయసు, మాన్యం ఎన్ని ఎకరాలో అన్నీ ఉన్నాయి. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటిది. ఆ రిజిస్టరు అడిగిన ఒక కచేరీలో గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "లెక్చరర్ గారు కదా సార్, మీకెందుకు ఈ వెట్టోళ్ళ లెక్కలు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఎందుకంటే ఆ వరుసలో పేరు ఒక్కటే లేదు, భూమి ఉంది. ఊరంతటికీ నీళ్ళు పారించినందుకు, పొలిమేర రాయి కాపాడినందుకు, సర్కారు మూటలు మోసినందుకు, పీనుగ కబురు ఊరూరూ తిరిగి చెప్పినందుకు ఇచ్చిన భూమి. దాన్ని దానం అంటారు పెద్దమనుషులు. దానం కాదు, జీతం. చేసిన పనికి లెక్కగట్టిన జీతం. తర్వాత ఏమైంది? పని మాత్రం మన మీద ఉండిపోయింది, భూమి జారిపోయింది. ఒక కరువుకు తాకట్టు, ఒక పెళ్ళికి అప్పు, ఒక వేలిముద్ర. 1956లో ఇనాం రద్దు చట్టం వచ్చి రైతువారీ పట్టాలు ఇవ్వాలన్నప్పుడు కాగితం చదవగలిగినవాడు పట్టా తెచ్చుకున్నాడు. చదవలేనివాడు అదే చేలో కూలికి పోయాడు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యేదాకా ఊరి లెక్కలు వంశపారంపర్యంగా ఎవరి చేతుల్లో ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. గ్రామ సేవా మాన్యాలు ఏళ్ళ తరబడి 22-ఎ నిషేధిత జాబితాలో నానిన సంగతీ గుర్తుపెట్టుకోండి. ఆ భూమి మీద హక్కు తేలాలంటే మొదట అడిగే కాగితం ఏది? ఆ 'వెట్టోళ్ళ లెక్క'.

కాబట్టి తాతను వెతకడం అంటే వేడుక కాదు, వంశగౌరవం కాదు. మనకు రావాల్సిన బాకీ లెక్క తీయడం.

మన పిల్లలకు, "మనం కూడా రాజులమే" అనేవాళ్ళకు ఇక్కడే నా మాట. తమ్ముడూ, రాజు కావాలంటే ఒకడి వీపు మీద కూర్చోవాలి. నీకు ఆ తాత ఎందుకు? కోటలో పుట్టాడని నువ్వు చెప్పుకునే తాతకు ఏ సర్వే నంబరూ ఉండదు. మడవ తిప్పిన తాతకు ఉంటుంది. లేని సింహాసనం కోసం కొట్లాడితే ఎవరికీ నష్టం లేదు, అందుకే నిన్ను ఎవరూ ఆపరు. ఉన్న మూడెకరాల కోసం కాగితం అడిగి చూడు, అప్పుడు తెలుస్తుంది ఎవరెవరికి కోపం వస్తుందో.

"హంపన్నది ఏ కులం?" అని అడిగేవాళ్ళుంటారు. ఆయన్ను నేను కులం పేరుతో కలుపుకోవడం లేదు, పని పేరుతో కలుపుకుంటున్నాను. కులం అనేది పనిని మాత్రమే కాదు, పని చేసేవాళ్ళనే ముక్కలు చేస్తుందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. ఆ ముక్కల్ని కలపడానికి వంశం అనే మాటకు మనం కొత్త అర్థం చెప్పుకోవాలి. కులం లెక్క తేల్చాల్సిన చోట, మాన్యాల రిజిస్టరులో, గీత పెట్టి మరీ తేలుద్దాం. గేటు కాడ మాత్రం, తుపాకీ ముందు నిలబడ్డ ప్రతి కూలి మనిషీ మన పూర్వీకుడే. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ మన అవ్వలే.

ఇక విద్యార్థులకు పని చెప్తున్నాను. ఈ సెలవుల్లో ఇంటికి పోతారు కదా. మొదట అవ్వల్ని అడగండి, తర్వాత తాతల్ని. నాలుగు తరాల పేర్లు రాసుకోండి. ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ పుట్టినూళ్ళు తప్పకుండా రాయండి. లేకపోతే రాయి మీద "ఇద్దరు స్త్రీలు" అని రాసినవాళ్ళకూ మనకూ తేడా ఉండదు. ప్రతి పేరు పక్కన ఏ పని చేశారో రాయండి. ఎద్దు చచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు, ఇట్లా వాళ్ళు చెప్పే గుర్తులు రాసుకోండి, వాటితో ఏ సంవత్సరమో పట్టొచ్చు. లెక్కల్లో ఫసలీ అని కనిపిస్తే భయపడకండి, దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఇంట్లో క్రైస్తవులు ఉంటే గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు వైపు పనిచేసిన లండన్ మిషన్ చర్చిల బాప్తిస్మం రిజిస్టర్లు అడగండి. బడి ఉంటే అడ్మిషన్ రిజిస్టరు. ఆ తర్వాత మీ ఊరి ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒక్కరే పోవద్దు, నలుగురు కలిసి పోండి. "మీకెందుకు?" అని అడిగితే, "మా తాత జీతం బాకీ ఉంది, లెక్క చూసుకోవడానికి వచ్చాం" అని చెప్పండి.

గుంతకల్లు మీదుగా రైల్లో పోయే ప్రతి ఒక్కరికీ ఒక మాట. ఆ జంక్షన్లో దిగి బండి మారడానికి గంటలు గంటలు కూర్చుంటాం. ఒక్కసారి బయటికి నడిచి హంపన్న సమాధి చూసి రండి. అక్కడ ఉన్నది చదవండి, లేనిది అడగండి.

వచ్చే భాగంలో నీరుగంటి మాన్యాలు: చెరువు నీళ్ళు ఎవరి చేలోకి ఎంతసేపు పారాలో నిర్ణయించిన చెయ్యి, ఆ చెరువు నీళ్ళు ముట్టుకోకూడదన్న ఊరు. అంతవరకు, జై భీమ్.